చప్పుడు ఎవరిది? థ్రాష్ మెటల్ చరిత్రా, మన డప్పూ

సంగీతం గురించి మన సాహిత్య పత్రికల్లో రాసేవాళ్లు తక్కువ. పాట గురించి రాసేవాళ్లు ఎక్కువ. ఈ రెండూ ఒకటే అనుకుంటాం గాని ఒకటి కావు. పాట గురించి రాయడమంటే మనకు పాటలోని మాటల గురించి రాయడమే. సుద్దాల హనుమంతు మీద వ్యాసం రాయవలసి వస్తే ఆయన పాటల్లోని వస్తువును నాలుగు పేజీలు వివరిస్తాం. గొల్లసుద్దుల బాణీని ఆయన ఎందుకు చేపట్టాడో ఒక వాక్యంలో తేల్చేస్తాం. బాణీ వెనుక మోగే వాద్యానికి ఆ ఒక్క వాక్యమూ దక్కదు. నేను తెలుగు ఎం.ఏ. చదివినప్పుడు జానపద సాహిత్యం మాకొక పేపరు. గేయాల వర్గీకరణ మీద, అందులోని స్త్రీల మనోభావాల మీద ప్రశ్నలు వచ్చేవి. డప్పు మీద ప్రశ్న రాలేదు. రాదని మాకూ తెలుసు, మా అధ్యాపకులకూ తెలుసు.

ఈ లోపాన్ని నాకు ఎత్తిచూపింది ఏ విమర్శకుడో కాదు, నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రవాడు. పాలమూరు జిల్లాలో ఒక పల్లె వాళ్లది. తండ్రి డప్పు కళాకారుడు. కళాకారుడు అన్న మాట మనం వాడేది. ఊరు ఆయన్ను ఆ మాటతో పిలవదు. చావుకు, పెండ్లికి, బోనాలకు కబురు పెడుతుంది, అంతే. కొడుకు డిప్లొమా చదవడానికి హైదరాబాదు పోయి అక్కడ నలుగురు స్నేహితులతో కలిసి డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టాడు. ఒక అద్దె గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీలు దుప్పట్లతో మూసి, ఆదివారాలు సాధన చేస్తారు. ఒకసారి నన్ను పిలిచాడు. పోయాను. పావుగంట విన్నాను. బయటికి వచ్చాక కూడా చెవుల్లో గుయ్యిమనడం ఆగలేదు.

"ఇది పాటెట్లయితదిరా, మాట ఒక్కటి వినబడదు" అన్నాను.

"మా నాయిన డప్పు కొడ్తుంటె మాట వినబడ్తదా సార్?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వాళ్లు వాయించింది థ్రాష్ మెటల్ అనే సంగీతమట. ఆ తరువాత రెండేళ్లుగా దాని చరిత్రను దొరికినంత చదివాను, భరించగలిగినంత విన్నాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

థ్రాష్ అంటే చావబాదడం. వరి నూర్పిడికి ఇంగ్లీషులో వాడే మాటా ఇదీ ఒక తల్లి పిల్లలే. కళ్లంలో వరికట్టను బండకేసి కొట్టే మనిషిని చూసిన వాళ్లకు ఆ పేరు వింత అనిపించదు. కాని ఈ సంగీతం పుట్టింది కళ్లంలో కాదు, కార్ఖానాలో. అది కూడా థ్రాష్ అన్న పేరు రావడానికి చాలా ఏళ్ల ముందు.

1965లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రవాడు ఒక రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. గిటార్ వాయిస్తాడు. సంగీతమే జీవనాధారంగా చేసుకోవాలని ఉద్యోగం మానుకున్నాడు. ఆ రోజు ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి ఇక పోనన్నాడట. తల్లి, మొదలుపెట్టిన పని పూర్తిచేసి రమ్మని పంపిందట. రాని మనిషికి బదులు ఆ రోజు అతన్ని ఒక ప్రెస్సు మిషను మీద పెట్టారు. మిషను కుడిచేతి మీద పడింది. నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అయోమీది ఎడమచేతి వాటం. కాబట్టి తీగలను నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్లతోనే.

ఇటువంటి ప్రమాదాలు మనకు కొత్త కాదు. హైదరాబాదు చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో వేళ్లు పోగొట్టుకున్న మన జిల్లాల మనుషులు ప్రతి మండలంలో కనిపిస్తారు. వాళ్ల వేళ్లు చరిత్రలోకి ఎక్కలేదు. అయోమీ వేళ్లు ఎక్కాయి. ఎట్లాగంటే, ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రైన్‌హార్ట్ అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటార్ వాయించిన మహానుభావుడు. అయోమీ సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తీగ జారకుండా వాటి కొసకు పాత తోలు అతికించాడు. నొప్పి తగ్గడానికి సన్నని తీగలు వేశాడు. కొన్నేళ్లకు తీగల బిగువు కూడా సడలించి శ్రుతిని కిందికి దించాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బంలో ఆ దింపుడు స్పష్టంగా వినిపిస్తుంది. శ్రుతి దిగితే ధ్వని బరువెక్కుతుంది. బరువైన సంగీతం, హెవీ మెటల్, అని లోకం పిలిచిన దానికి ఒక మూలం ఈ వేళ్ల దగ్గర ఉంది.

అయోమీ 1968లో ముగ్గురు స్నేహితులతో కట్టిన బృందమే తరువాత బ్లాక్ సబ్బాత్ అయింది. గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ అంతకుముందు పశువధశాలలో పనిచేసినవాడు, చిన్న దొంగతనానికి జైలుకు పోయి వచ్చినవాడు. 1970 ఫిబ్రవరి 13న వాళ్ల మొదటి ఆల్బం వచ్చింది. అమెరికాలో పూల యువకులు ప్రేమా శాంతీ అని పాడుతున్న రోజుల ముగింపు అది. బర్మింగ్‌హాం పిల్లలకు పూలు కనిపించలేదు. వాళ్లు యుద్ధాన్ని, పిచ్చిని, చావును పాడారు. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బంలో వియత్నాం మీద పాట ఉంది: రాజకీయ నాయకులు యుద్ధాలు మొదలుపెడతారు, చచ్చేది బీదవాళ్లు అనేది దాని సారం. ఈ మాట మన కవులు ఎన్నిసార్లు అనలేదు! తేడా అంతా చప్పుడులో ఉంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మనబోటి అభ్యుదయ విమర్శకులకు ఇటువంటి కథ దొరికితే పండుగ. కార్ఖానా ఉంది, తెగిన వేలు ఉంది, సుత్తి దెబ్బల లయ ఉంది. పునాది ఇదిగో, ఉపరితలం అదిగో అని గీత గీసి చేతులు దులుపుకుంటాం. నేను కూడా మొదట అట్లాగే గీశాను. అది నిలవలేదు. ఇంగ్లండులో కార్ఖానాలు నూరేళ్లకు పైగా మోగుతూనే ఉన్నాయి. వాటి మోత అంతకాలం సంగీతంలోకి ఎందుకు రాలేదు? రావడానికి కరెంటు గిటారు, పెద్ద ఆంప్లిఫయరు కావలసివచ్చాయి. అవి వాయిదాల మీద కొనుక్కోగల వయసు పిల్లలు కావలసివచ్చారు. ఆ పిల్లలకు తమ తండ్రుల బతుకు తమకు వద్దన్న పట్టుదల కావలసివచ్చింది. బర్మింగ్‌హాం సంగీతం కార్ఖానాకు అద్దం అనడం కన్న, కార్ఖానా నుంచి పారిపోతూ దాని చప్పుడును వెంట మోసుకుపోవడం అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

1970ల చివర ఇంగ్లండులో రెండు పాయలు కలిశాయి. మోటర్‌హెడ్ బృందం 1979లో రెండు కాళ్లతో రెండు బాస్ డ్రమ్ములు తొక్కే వేగాన్ని ముందుకు తెచ్చింది. ఇంకోపక్క పంక్ సంగీతం ఉంది. మూడే స్వరాలు, బోలెడంత కోపం. స్టోక్ పట్టణం నుంచి వచ్చిన డిస్‌ఛార్జ్ అనే పంక్ బృందం 1982లో అణుయుద్ధం మీద, ఆకలి మీద అరుపుల్లాంటి చిన్న చిన్న పాటలతో ఒక ఆల్బం చేసింది. న్యూకాసిల్ నుంచి వెనమ్ అనే బృందం సైతానును అడ్డం పెట్టుకొని భయపెట్టే నాటకం ఆడింది. ఈ రికార్డులన్నీ అట్లాంటిక్ దాటి కాలిఫోర్నియాకు చేరాయి. అక్కడ మన గీత మరీ చెదిరిపోతుంది.

1981 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో మెటాలికా బృందానికి పునాది వేసిన లార్స్ ఉల్రిక్ కార్మికుడి కొడుకు కాదు. తండ్రి డెన్మార్కు తరఫున డేవిస్ కప్పు ఆడిన టెన్నిస్ ఆటగాడు. కొడుకూ టెన్నిస్ నేర్చుకోవడానికే అమెరికా వచ్చాడు. అదే ఏడాది అదే రాష్ట్రంలో స్లేయర్ బృందం పుట్టింది. దాని గాయకుడు టామ్ అరాయా చిలీలో పుట్టినవాడు, డ్రమ్ములు వాయించిన డేవ్ లొంబార్డో క్యూబాలో పుట్టినవాడు. న్యూయార్కులో ఆంత్రాక్స్ పుట్టింది. మెటాలికా నుంచి 1983లో గెంటేయబడిన డేవ్ మస్టేన్ మెగాడెత్ పెట్టాడు. మెగాడెత్ అంటే అణుయుద్ధ నిపుణులు వాడే లెక్క: పది లక్షల చావులు ఒక మెగాడెత్. శవాలకు కూడా కొలమానం తయారుచేసిన నాగరికత మీద ఇంతకన్న పెద్ద వ్యాఖ్య ఏ కవి రాస్తాడు? అదేదో ఒక కోపిష్టి గిటారిస్టు తన బృందానికి పెట్టుకున్న పేరు.

1983 జులైలో మెటాలికా మొదటి ఆల్బం వచ్చింది. అంతకు ముందే వాళ్ల పేరు దేశాలు దాటిపోయింది. ఎట్లా? కేసెట్ల ద్వారా. సొంతంగా రికార్డు చేసుకున్న టేపును అభిమానులు నకలు తీసి మరొకరికి పోస్టులో పంపేవారు. వాళ్లు ఇంకొకరికి పంపేవారు. కంపెనీ లేదు, ప్రకటన లేదు, రేడియో అసలే లేదు. దాదాపు అదే కాలంలో మన దగ్గర విప్లవ గీతాల కేసెట్లు ఎట్లా చేతులు మారేవో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. రెండింటికీ పోలిక మాటల్లో లేదు, ఆశయంలో అంతకన్నా లేదు. అధికారం చేతిలో ఉన్న గొట్టాలు తమకు అందనప్పుడు జనం ఎంచుకునే దారి ఒకటే రకంగా ఉంటుందన్నంత వరకే పోలిక.

ఇప్పుడు ఆ సంగీతం లోపలికి పోదాం. ఇది చెప్పకుండా చరిత్ర చెబితే మళ్లీ పాత తప్పే చేసినవాణ్ణవుతాను. థ్రాష్‌లో గిటారు మీద కుడి అరచేతి అంచును తీగలకు ఆనించి కొడతారు. అందువల్ల తీగ పాడదు. మూలుగును మింగి 'జుగ్ జుగ్' మంటుంది. అంటే తీగవాద్యాన్ని డప్పు చేశారన్నమాట. పుల్లతో పైకీ కిందికీ కొట్టడం సులువు. కాని హెట్‌ఫీల్డ్ వంటివాళ్లు పట్టుబట్టి కిందికే కొడతారు, ఎందుకంటే కిందికి పడే ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది. వేగం నిమిషానికి రెండు వందల దెబ్బలు దాటుతుంది. డ్రమ్ములవాడి రెండు కాళ్లూ పరుగు తీస్తుంటాయి. గొంతు పాడదు, మొరుగుతుంది. మధ్యలో ఉన్నట్టుండి వేగం సగానికి పడిపోతుంది; అప్పుడు వినేవాళ్లంతా తలలు ఒక్కసారిగా ఊపుతారు. ఇదంతా అడ్డదిడ్డంగా జరిగే గోల అనుకున్నాను మొదట. కాదు. కర్ణాటక సంగీత కచేరీలో తనియావర్తనం విన్నవాళ్లు కూడా మెచ్చుకోవలసినంత కచ్చితమైన లెక్క ఇందులో ఉంది. ఇష్టపడమని నేను అనను. నాకు ఇప్పటికీ మూడు పాటలు దాటితే తలనొప్పి వస్తుంది.

1986 ఈ సంగీతానికి పంట ఏడాది. మార్చిలో మెటాలికా మూడో ఆల్బం వచ్చింది. అక్టోబరులో స్లేయర్ ఆల్బం వచ్చింది. పది పాటలు కలిపి అరగంట కూడా లేదు. మెగాడెత్ రెండో ఆల్బమూ, జర్మనీ నుంచి క్రియేటర్ బృందం రెండో ఆల్బమూ అదే ఏడాది వచ్చాయి. ఆ ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలింది. దానికి ఏడాదిన్నర ముందే భోపాల్ జరిగింది. ఐరోపాలో అమెరికా అణుక్షిపణులు మోహరించి ఉన్నాయి. పాతికేళ్లు నిండని పిల్లలు తాము ముప్పై ఏళ్లు బతుకుతామో లేదో తెలియకుండా పెరిగిన దశాబ్దం అది. ఆ సంగీతపు తొందరలో ఈ భయం ఉందని నా అభిప్రాయం. తీరిగ్గా రాగాలాపన చేయడానికి ముందు కాలం అనేది ఉందన్న నమ్మకం ఉండాలి.

జర్మనీలో ఈ సంగీతం రూర్ బొగ్గు ప్రాంతంలో వేళ్లూనింది. క్రియేటర్‌ది ఎసెన్ పట్టణం. సోడమ్ బృందం గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టింది. దాని నాయకుడు టామ్ ఏంజెల్‌రిప్పర్ బొగ్గుగనిలో పనిచేసినవాడే. గనులు ఒకటొకటే మూతపడుతున్న కాలం. ఆ దేశంలోని ఆఖరి నల్లబొగ్గు గని 2018 డిసెంబరులో బాట్రాప్‌లో మూసేశారు. బ్రెజిల్‌లో బెలో ఒరిజోంచి నగరంలో 1984లో సెపుల్తురా బృందం పుట్టింది. అది ఇనుప గనుల రాష్ట్రపు రాజధాని. 1964 నుంచి సాగిన సైనిక పాలన ఆ మరుసటి ఏడే ముగిసింది. ఇక బర్మింగ్‌హాం ఊరుకోలేదు. అక్కడి నేపామ్ డెత్ బృందం 1987లో గ్రైండ్‌కోర్ అనే మరింత వేగమైన శాఖకు దారితీసిన ఆల్బం తెచ్చింది. అందులో ఒక పాట సెకను మించి కొద్దిపాటి. 'ఎందుకు' అని అడిగి ముగుస్తుంది. ఫ్లోరిడాలో డెత్ మెటల్, నార్వేలో బ్లాక్ మెటల్ పెరిగాయి. వీటి ఉపశాఖల పట్టీ మన సంస్కృత లాక్షణికుల నాయికా భేదాలకన్న పొడుగు. దాన్ని ఇక్కడ విప్పను.

మన శిబిరంలో కొందరు మిత్రులు ఈ సంగీతం గురించి విని వెంటనే 'ఇది తిరుగుబాటు సంగీతం' అని ఎత్తుకుంటారు. అదీ పొరపాటే. స్లేయర్ ఆల్బంలో మొదటి పాట నాజీ వైద్యుడు మెంగెలె మీద ఉంది. అతని ఘోరాలు ఒక్కొక్కటే చెబుతుంది గాని ఖండిస్తున్నానని ఎక్కడా అనదు. అందువల్ల దాన్ని పంచడానికి ఒక పెద్ద కంపెనీ నిరాకరించింది. ఖండన పాటలోనే ఉండాలా, వినేవాడి మనసులో పుట్టాలా అనేది మన కథా విమర్శలో పాత తగాదా. దాన్ని అవతలి వాళ్లూ పడ్డారు. కాని నార్వేలో జరిగినదానికి ఆ మాత్రం సందేహం కూడా లేదు. 1992 నుంచి అక్కడి కొందరు బ్లాక్ మెటల్ యువకులు శతాబ్దాల నాటి చెక్క చర్చిలను తగలబెట్టారు. 1993లో ఒక సంగీతకారుడు ఇంకొకణ్ణి పొడిచి చంపాడు. ఆ హంతకుడు తరువాత బాహాటంగా జాతివిద్వేషం ప్రచారం చేశాడు. ఇరాక్‌లో 2001లో పుట్టిన అక్రాసికౌడా బృందం బాగ్దాదులో బాంబుల మధ్య థ్రాష్ వాయించి చివరకు దేశం వదిలి పోవలసివచ్చింది. అదే ఇరాక్‌లో 2003లో అమెరికన్ సైనికులు ఖైదీలను నిద్రపోనివ్వకుండా లొంగదీయడానికి మెటాలికా పాటను గంటల తరబడి మోగించారు. ఒకే చప్పుడు, ఒకడికి ఊపిరి, పక్క గదిలో మరొకడికి చిత్రహింస. చప్పుడుకు దానంతట దానికి పక్షం లేదు.

మార్కెట్టు సంగతి చెప్పకపోతే కథ సగమే. 1991 ఆగస్టులో మెటాలికా వేగం తగ్గించి, పాటలు పొట్టివి చేసి, ఐదో ఆల్బం తెచ్చింది. ఒక్క అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడుపోయింది. అదే సెప్టెంబరు 28న మాస్కో శివార్లలోని తుషినో విమానాశ్రయంలో లక్షలాది జనం ముందు వాయించారు. సైనిక తిరుగుబాటు విఫలమై నెల దాటింది. సోవియట్ యూనియన్ ఇంకా మూడు నెలలు కూడా బతకలేదు. ఆ కచేరీ దృశ్యాలు చూస్తే ఈ వ్యాసకర్తకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు. చొక్కాలు విప్పి గాలిలో తిప్పుతున్న ఆ యువకులకు రాబోయే దశాబ్దంలో ఏం జరిగిందో తెలుసు కాబట్టి చూడడం కష్టమైంది. ఇక 2000 ఏప్రిల్‌లో, పాటలను ఉచితంగా ఒకరికొకరు పంపుకునే వీలు కల్పించిన నాప్‌స్టర్ మీద మెటాలికా కోర్టుకెక్కింది. చేతులు మారిన కేసెట్లతో పైకి వచ్చినవాళ్లు!

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

డప్పు గురించి మనం రాయలేదన్నాను. తెలిసిన సంగతులే అయినా కొన్ని చెప్పుకోవాలి. చెక్కతో గుండ్రని చట్రం, దాని మీద బిగించిన తోలు. కొట్టేముందు గడ్డిమంట వేసి కాగబెట్టాలి. వేడికి తోలు బిగుసుకుంటే కంఠం వస్తుంది. కుడిచేతి సిర్ర బరువైన దెబ్బ వేస్తుంది. ఎడమచేతి సిటికెన పుల్ల సన్నని దెబ్బలతో సందులు నింపుతుంది. చావుకొక దరువు, పెండ్లికొక దరువు, దేవర కొలుపుకొక దరువు. దూరాన చేనులో ఉన్న మనిషి దరువు విని ఊళ్లో ఏమైందో చెప్పగలడు. మాట లేకుండా అర్థం చెప్పే ఈ సంగీతాన్ని శాస్త్రీయ సభలు ఏనాడూ సంగీతమనలేదు. చప్పుడన్నాయి. చెప్పినవాళ్ల చెవికి అది చప్పుడే, ఎందుకంటే ఆ తోలు తీసిన చేతులు, బిగించిన చేతులు, కొట్టిన చేతులు వాళ్లు తాకని చేతులు.

నిజాం కాలపు వెట్టిలో డప్పు కూడా భాగం. దొర కదిలినా, సర్కారు అధికారి ఊళ్లోకి వచ్చినా ముందు డప్పు కొడుతూ నడవాలి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత సాగిన పోరాటం వెట్టిని కూలదోసింది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి డప్పును, గొంగడిని, గజ్జెను వేదిక మీదికి ఎక్కించింది. డప్పు రమేష్ వంటి కళాకారుడికి వాద్యమే ఇంటిపేరయింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నం చేసింది. మాదిగలు అడిగిన వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా ముప్పై ఏళ్లు ఆ డప్పు మోగింది. వెట్టి గుర్తు, తిరుగుబాటు గుర్తు, కులం గుర్తు, గౌరవం గుర్తు: ఒకే తోలు మీద ఇన్ని దెబ్బలు.

మన కవిత్వంలో డప్పు ఎప్పుడూ గర్జిస్తుంది. కొట్టేవాడి ఇంట్లో అది ఎట్లా ఉంటుందో మనకు పట్టదు. నా విద్యార్థి పదో తరగతిలో ఉన్నప్పుడు డప్పు ముట్టేవాడు కాదు. స్కూలు వార్షికోత్సవానికి కొట్టమని నేనే అడిగాను, ఏదో మంచిపని చేస్తున్నాననుకొని. తల దించుకొని నిలబడ్డాడు. ఇప్పుడు హైదరాబాదులో అడిగితే చెప్పాడు: "డప్పు పడితె మాదిగోడంటరు సార్. ఇది పడితె డ్రమ్మరంటరు."

ఈ వాక్యం విన్నప్పటి నుంచి నాకు మన వ్యాసాలు కొంచెం ఇరుకుగా అనిపిస్తున్నాయి. తండ్రి వాద్యాన్ని వదిలేయడం పరాయీకరణ అని నేను రాయగలను. గతంలో రాశాను కూడా. కాని ఎన్నో పల్లెల్లో చావుడప్పు కొట్టం అని నిరాకరించినవాళ్లు తమ కళను చంపుకున్నవాళ్లా, తమ మీద రుద్దిన చాకిరీని తెంచుకున్నవాళ్లా? అయోమీ కార్ఖానా వదిలి పారిపోయాడు, దాని బరువు చేతుల్లోనే ఉండిపోయింది. ఈ కుర్రవాడూ అట్లాగే ఊరి దరువును కాళ్లకు చేర్చి పరుగెత్తుతున్నాడా అని అనుమానం. అనుమానమే, అతన్ని అడిగితే నవ్వాడు.

మన దేశంలో ఈ సంగీతం ఎవరి చేతుల్లో ఉందో కూడా చూడాలి. 2011 అక్టోబరులో మెటాలికా మొదటిసారి వచ్చినప్పుడు గుర్‌గావ్ కచేరీ రద్దయి ప్రేక్షకులు వేదికను ధ్వంసం చేశారు. రెండు రోజుల తరువాత, 30న బెంగుళూరు ప్యాలెస్ మైదానంలో కచేరీ జరిగింది. టిక్కెట్లు ఉపాధ్యాయుల జీతానికి అందేవి కావు. ఖరీదైన గిటారు, ఇంగ్లీషు చదువు, తలుపు వేసుకోగల సొంత గది ఉన్న ఇళ్ల పిల్లలదే మొదట ఈ సంగీతం. హైదరాబాదు నుంచి వచ్చిన గాడ్‌లెస్ బృందం డెత్, థ్రాష్ శాఖలను కలిపి వాయిస్తుంది. 2016లో, 2018లో రెండు చిన్న ఆల్బంలు, 2021లో ఒక పూర్తి ఆల్బం తెచ్చింది. విన్నాను. నేర్పులో లోటు లేదు. కాలిఫోర్నియాకు ఏమాత్రం తీసిపోదు. అయితే పాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టను. ఏ మాటా వినబడని సంగీతంలో భాష ఏదైతేనేం అనవచ్చు. ఐనా తెలుగు పంతులును కాబట్టి అడుగుతాను: మన ద్విత్వాక్షరాలు, మన 'ట్ట'లు, 'ళ్ల'లు, 'డ్డ'లు ఈ దెబ్బల మీద ఎంత బాగా కూర్చుంటాయో ఒక్కసారి కొట్టి చూడరాదా?

కేరళలో కన్నూరుకు చెందిన ది డౌన్ ట్రాడెన్స్ బృందం 2014 ఆల్బంలో థ్రాష్ గిటారుకు తమ ప్రాంతపు తెయ్యం సంప్రదాయాన్ని కలిపింది. కులాన్ని నిలదీసే దైవం అక్కడి తెయ్యంలో ఉన్నాడు. ఢిల్లీ నుంచి బ్లడీవుడ్ బృందం ఢోలును ముందుకు తెచ్చింది. అందరికన్న ముందు సెపుల్తురా వాళ్లు 1996 ఆల్బం కోసం బ్రెజిల్‌లోని షవాంచి ఆదివాసుల దగ్గరికి పోయి, వాళ్లతో కూర్చొని రికార్డు చేసుకొచ్చారు. ఈ కలయికలన్నీ సమానుల మధ్య జరిగాయా, ఆదివాసి డోలు చివరకు అమెరికా మార్కెట్టులో మసాలాగా మిగిలిందా అనే ప్రశ్న ఉంది. మన సినిమా పాటలో డప్పుకు పట్టిన గతి చూసినవాళ్లకు ఆ ప్రశ్న ఎక్కడినుంచి వస్తుందో తెలుసు. కొట్టినవాడి పేరు తెర మీద పడదు.

పోయిన వానకాలం ఆ కుర్రవాడి తండ్రి కంటి పరీక్షకు హైదరాబాదు వచ్చాడు. నేనూ ఒక శిక్షణ తరగతికి వచ్చి ఉన్నాను. ముగ్గురం ఆ గదికి పోయాం. బయట ముసురు. కొడుకు వాయించాడు, తండ్రి గోడకు ఆనుకొని కూర్చొని, మోకాలి మీద చూపుడువేలితో ఏదో లెక్క వేస్తూ విన్నాడు. ముఖంలో మెచ్చుకోలు గాని విసుగు గాని కనిపించలేదు. పాట ఆగాక లేచి పోయి, చిన్న డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"దీన్ని కాగబెట్టే పని లేదా?"

"లేదు నాయినా. తోలు గాదు, ప్లాస్టిక్."

"అయితె ముసురులగూడ మోగుతదన్నట్టు" అన్నాడాయన. తరువాత నావైపు తిరిగి, ఈ ప్లాస్టిక్ ఎంతకొస్తది సారూ, మన డప్పుకు పట్టిస్తె పడుతదా అని అడిగాడు. కొడుకు అప్పటికే కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు.